ఊరి గుట్టు మురుగుకు తెలుసు



నేను ముప్పై ఏళ్ళకు పైగా కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పినవాణ్ణి. సీసాలూ గొట్టాలూ ఘాటు వాసనలూ నాకు కొత్త కావు. అయినా మురుగునీటి శుద్ధి కేంద్రం అనేదాన్ని రిటైరయ్యేదాకా చూడలేదు. నా దగ్గర ఇంటర్ చదివిన కుర్రాడొకడు హైదరాబాదులో అలాంటి కేంద్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. "రండి సార్, మా ల్యాబ్ చూద్దురుగాని" అని ఎన్నాళ్ళనుంచో పిలుస్తుంటే, ఒక ఆదివారం పొద్దున్నే బయలుదేరి వెళ్ళాను.

నగరంలో ఆ వైపు డ్రైనేజీ లైన్ల నీరంతా అక్కడికి వచ్చి మొట్టమొదట ఒక ఇనుప కడ్డీల జల్లెడ ముందు ఆగుతుంది. ప్లాస్టిక్ సంచులు, గుడ్డపీలికలు, వాడిపోయిన పూలదండలు, కొబ్బరిపీచు అన్నీ అక్కడే చిక్కుకుంటాయి. ఆ పక్కన గోడవారగా చిన్న ఫ్రిజ్ లాంటి పెట్టె ఒకటి ఉంది. అందులోంచి వేలెడు మందం గొట్టం కాలవలోకి దిగింది. కొన్ని నిమిషాలకొకసారి పెట్టెలో మోటారు గుర్రుమనేది. గొట్టం ఒక గుటక నీరు పీల్చుకుని లోపలి డబ్బాలో పోసేది. మళ్ళీ ఊరుకునేది. రాత్రీ పగలూ దానికి అదే పని. ఇరవైనాలుగు గంటలు గడిచేసరికి ఆ డబ్బాలో ఒక రోజంతా చేరుతుంది.

మావాడు డబ్బాను బాగా కుదిపి, అరలీటరు సీసాలోకి వంచి, వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. పల్చటి బూడిదరంగు నీళ్ళు, అడుగున కాస్త మడ్డి.

"ఇందులో ఎంతమంది ఉంటారంటారు సార్?" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఈ లైను మీద అయిదు లక్షలమంది ఉన్నారు సార్. నిన్న పొద్దుటినుంచి ఈ పొద్దుటిదాకా వాళ్ళు తిన్నది, తాగింది, వేసుకున్న మాత్రలు, అన్నీ ఇందులోకి వచ్చేసినట్టే."

ఇంటిగుట్టు లంకకు చేటు అని మన సామెత. ఆ సీసా చూసినప్పటినుంచి నాకు ఊరిగుట్టు గురించే ఆలోచన. ఒక నగరం రోజుకు ఎంత గంజాయి పీలుస్తోంది, ఎంత కొకైన్ వాడుతోంది, ఎన్ని మత్తుమాత్రలు మింగుతోంది అన్న ప్రశ్నలకు మురుగునీటినుంచి జవాబు రాబట్టే పద్ధతి ఒకటి ఉంది. ప్రపంచంలో చాలా నగరాల్లో ఇరవై ఏళ్ళుగా నడుస్తోంది. ఇవాళ మీతో దాని గురించే మాట్లాడాలనుకుంటున్నాను.

ఆలోచన పుట్టింది అమెరికాలో. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థలో పనిచేసే క్రిస్టియన్ డాటన్ అనే శాస్త్రవేత్త 2001లో ఒక ప్రతిపాదన రాశాడు. మనుషులు వాడిన మత్తుపదార్థాలు మూత్రంలో కలిసి చివరికి డ్రైనేజీలోకే వస్తాయి కదా, ఆ నీటిని కొలిస్తే ఊరి మొత్తం వాడకం తెలుస్తుంది కదా అన్నాడు. ఎవరి ఇంటి తలుపూ తట్టనక్కర్లేదు, ఎవరినీ పేరడగనక్కర్లేదు. మాట బాగానే ఉంది. చేసి చూపించినవాళ్ళు మాత్రం ఇటలీవాళ్ళు.

మిలాన్‌లో మారియో నెగ్రీ పరిశోధనా సంస్థ ఉంది. మందులమీద పనిచేసే సంస్థ. అక్కడి ఎత్తోరే జుకాటో, సారా కాస్తిల్యోని, వారి సహచరులు పో నది నీటిని పరీక్షించారు. ఇటలీ ఉత్తరభాగాన పడమటినుంచి తూర్పుకు పారే పెద్ద నది అది. వాళ్ళు నీళ్ళు పట్టిన చోటికి ఎగువన దాదాపు అరకోటిమంది నివసిస్తారు. 2005లో ఫలితం ప్రచురించారు. ఆ నది రోజుకు సుమారు 4 కిలోల కొకైన్‌కు సమానమైన అవశేషాలను మోసుకుపోతోందని తేలింది. అప్పటిదాకా ప్రభుత్వ సర్వేల ప్రకారం ఆ ప్రాంతంలో కొకైన్ వాడకం నెలకు 15 వేల సార్లు. నీటి లెక్కలో రోజుకు 40 వేల మోతాదులు వచ్చింది. నెలకు అన్నదెక్కడ, రోజుకు అన్నదెక్కడ!

సర్వే చేసినవాళ్ళు బద్ధకించారని కాదు. ఇంటికొచ్చి కాగితం పట్టుకుని అడిగేవాడికి జనం నిజం చెప్పలేరు. మన సంగతే చూడండి. అరుగుమీద కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చి కూర్చోబెడతాం. "మీ ఇంట్లో ఎవరైనా గంజాయి తాగుతారా అండీ?" అని అడుగుతాడు. తలుపు వెనక తల్లి ఉంటుంది, పక్కింటివాళ్ళ చెవులు ఇటే ఉంటాయి. వాడు అడుగుతున్నది చట్టరీత్యా నేరమైన పని గురించి. ఏం చెబుతాం? మనదేశంలో 2019లో ఎయిమ్స్ ఆధ్వర్యంలో మత్తుపదార్థాల వాడకంమీద జాతీయ సర్వే నివేదిక వచ్చింది. రెండు లక్షల ఇళ్ళకు వెళ్ళారు, 4 లక్షల 70 వేలమందికి పైగా జనంతో మాట్లాడారు. మహాశ్రమ. ఎవరికి చికిత్స అవసరమో, ఏ వయసువాళ్ళు ఎందులో చిక్కుకున్నారో తెలిసింది అలాంటి సర్వేవల్లే. నేను దాన్ని తక్కువచేయను. కానీ అది రోజూ చేసేది కాదు, ఏటా చేసేదీ కాదు. నీరైతే రోజూ వస్తుంది.

ఇక లెక్క ఎలా కడతారో చెబుతాను. కెమిస్ట్రీ మాస్టారిని కాబట్టి ఇక్కడ కాస్త నిలబడి మాట్లాడతాను, ఓపిక పట్టండి.

కొకైన్ ఒంట్లోకి వెళ్ళాక కాలేయం దాన్ని విరగ్గొడుతుంది. అలా విరిగితే వచ్చేవాటిలో ముఖ్యమైనదాని పేరు బెంజాయిల్‌ఎక్గోనిన్. నోరు తిరగని పేరు, కానీ పనికొచ్చే పదార్థం. ఎవరైనా పొట్లం భయపడి సింకులో పారబోస్తే నీటిలో ముఖ్యంగా కొకైనే కనబడుతుంది. మనిషి ఒంట్లోంచి వచ్చిందైతే ఈ రెండో పదార్థం ఎక్కువగా ఉంటుంది. అందుకని శాస్త్రవేత్తలు దీన్నే కొలుస్తారు. వాడిన కొకైన్‌లో సుమారు 45 శాతం ఈ రూపంలో మూత్రంలోకి వస్తుంది.

మావాడి కేంద్రాన్నే ఉదాహరణగా తీసుకుందాం. అంకెలు నేను లెక్కకోసం వేసుకున్నవి, అక్కడ కొలిచినవి కావు. రోజుకు 10 కోట్ల లీటర్ల నీరు వస్తోందనుకోండి. లీటరుకు 200 నానోగ్రాముల బెంజాయిల్‌ఎక్గోనిన్ దొరికిందనుకోండి. నానోగ్రామంటే గ్రాములో వందకోట్లవ వంతు. గోరు కొనమీద పట్టే ఉప్పురవ్వ కూడా దీని ముందు కొండే. ఆ 200ను 10 కోట్లతో హెచ్చిస్తే 20 గ్రాములు. అంత నీటిలోనూ కలిపి ఇరవై గ్రాములే! మూత్రంలోకి వచ్చింది 45 శాతమే కనుకా, కొకైన్ అణువు బరువు దీనికన్నా కొద్దిగా ఎక్కువ కనుకా, ఆ ఇరవైని 2.33తో హెచ్చించాలి. 46 గ్రాములు దాటుతుంది. మోతాదుకు 100 మిల్లీగ్రాములు అనుకుంటే ఆ రోజు ఆ అయిదు లక్షలమందిలో సుమారు 466 మోతాదులు వాడారన్నమాట. వెయ్యిమందికి ఒకటి కన్నా కొంచెం తక్కువ.

ఎంతమంది వాడారో మాత్రం ఈ లెక్క చెప్పదు. ఒక్కడు పదిసార్లు వాడినా, పదిమంది ఒక్కోసారి వాడినా నీటికి ఒకటే.

అంత సన్నటి మోతాదును పట్టుకునే యంత్రం పేరు మాస్ స్పెక్ట్రోమీటర్. నీటిని ముందు వడకట్టి, సన్నని గొట్టంలో ఉన్న ఒక రకం పొడిగుండా పంపిస్తారు. మందులు ఆ పొడికి అంటుకుంటాయి, నీరు వెళ్ళిపోతుంది. అంటుకున్నదాన్ని కొద్ది ద్రావకంతో కడిగి యంత్రంలోకి ఎక్కిస్తారు. యంత్రం ఒక్కో అణువునూ తూచి, విరగ్గొట్టి, ముక్కల్ని మళ్ళీ తూస్తుంది. రెండు అణువుల బరువు ఒకటే కావచ్చు గాని, విరిగిన ముక్కలు కూడా ఒకే తీరున ఉండడం అరుదు. అక్కడ గుర్తు దొరుకుతుంది.

యూరప్‌లో ఈ పని 2011లో ఒక కట్టుబాటుకు వచ్చింది. మార్చినెలలో ఒక వారంపాటు 19 నగరాలవాళ్ళు ఒకే పద్ధతిలో నీళ్ళు పట్టి, ఒకే తీరున కొలిచారు. ఇప్పుడు ఏటా వందకు పైగా నగరాలు చేరుతున్నాయి. లిస్బన్‌లో ఉన్న యూరప్ మాదకద్రవ్యాల సంస్థ ఆ ఫలితాలను అందరూ చూసేలా బయటపెడుతుంది. ఆ ఫలితాలు చూపే గీతలు నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. కొకైన్, ఎక్స్‌టసీ అనే మత్తుమాత్రల గీతలు శుక్రవారంనుంచి పైకి లేచి ఆదివారం, సోమవారం దాటాక దిగుతాయి. అవి పార్టీల గీతలు. గంజాయిదీ మెథాంఫెటమిన్‌దీ అలా కాదు. చాలా నగరాల్లో వారమంతా ఒకే ఎత్తున నడుస్తాయి. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ చదునైన గీతే. మంగళవారం మధ్యాహ్నం పనిలో ఉన్నవాడి ఒంట్లోనూ అది ఉందన్నమాట.

అమెరికాలో టకోమా ఊరి దగ్గర డేనియల్ బర్గార్డ్ అనే ప్రొఫెసర్ కాలేజీ క్యాంపస్ మురుగునీటిని పరీక్షించారు. పిల్లల్లో ఏకాగ్రత లోపానికి డాక్టర్లు రాసే ఆంఫెటమిన్ మందు ఉంది. పరీక్షల వారంలో నీటిలో అది పెరిగింది. రాత్రంతా మేలుకుని చదవడానికి వాడుతున్నారని ఊహించారు. పరీక్షల రోజుల్లో లైట్లార్పని హాస్టళ్ళ మధ్య బతికినవాణ్ణి నేను. ఆ సంగతి చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ శాస్త్రంలో నాకు అన్నింటికన్నా నచ్చిన కథ నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ నగరానిది. 2011లో ఆ మొదటి వారం నీళ్ళు పట్టినప్పుడు అక్కడ ఎక్స్‌టసీ విపరీతంగా వచ్చింది. ఊరు ఊరంతా మత్తులో మునిగితే తప్ప రానంత. ఏం జరిగిందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఆ అణువు చేతివాటం చూశారు. మీ రెండు చేతులూ ఎదురుగా పెట్టుకు చూడండి. ఒకేలా ఉంటాయి, కానీ కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టదు. ఎక్స్‌టసీ అణువులోనూ కుడి రూపం, ఎడమ రూపం అని రెండున్నాయి. దొంగచాటుగా తయారుచేసినప్పుడు రెండూ సమానంగా వస్తాయి. మనిషి ఒళ్ళు మాత్రం ఒకదాన్ని తొందరగా అరగదీసి, రెండోదాన్ని ఎక్కువగా వదిలేస్తుంది. యుట్రెక్ట్ నీటిలో రెండూ సరిసమానంగా ఉన్నాయి. అంటే అది ఏ ఒంట్లోంచీ వచ్చింది కాదు, నేరుగా డ్రైనేజీలో పారబోసింది. ఆ దగ్గర్లో తయారీ స్థావరంమీద పోలీసు దాడి జరిగిన సంగతీ దీనితో సరిపోయింది. ఊరిమీద పడబోయిన నింద అలా తప్పింది.

ఈ కథ హైదరాబాదుకు బాగా పనికొస్తుంది. మందుల తయారీ మన ఊరి జీవనాధారాల్లో ఒకటి. పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ప్రచురించిన ఫలితం చాలామందికి గుర్తుండే ఉంటుంది. సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాములదాకా ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ఇక శివార్లలో మూతపడిన షెడ్లలో దొంగతనంగా అల్ప్రాజోలం, మెఫెడ్రోన్ అనే మత్తుమందులు తయారుచేస్తూ పట్టుబడ్డ వార్తలు మనం తరచూ చదువుతూనే ఉన్నాం. అలాంటి ఊళ్ళో నీళ్ళు పరీక్షిస్తే, దొరికింది మనిషి వాడిందా, ఫ్యాక్టరీ వదిలిందా అన్నది తేల్చుకోకుండా అంకె బయటపెట్టకూడదు.

ఇంతకూ మనకిదంతా సాధ్యమేనా అని మీరడగవచ్చు. సాధ్యమే. ఇదే హైదరాబాదు రెండుసార్లు చేసి చూపించింది, వెతికింది మత్తుమందుల కోసం కాకపోయినా.

2016 జూన్‌లో అంబర్‌పేట మురుగునీటిలో పోలియో వైరస్ రకం ఒకటి దొరికింది. చుక్కలమందులో వాడే బలహీనపరచిన వైరసే మారి తయారైన రెండో రకం. ఊళ్ళో ఒక్క బిడ్డకూ కాలు పడిపోలేదు. జబ్బుపడ్డ పిల్లవాడంటూ ఎవరూ లేరు. నీటిలో మాత్రం జాడ ఉంది. అంతే, ఆ నెలలోనే హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు మూడు లక్షలమంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేయించారు. ఆ పిల్లల్లో ఎవరికి ఏ ప్రమాదం తప్పిందో వాళ్ళ తల్లులకు ఎప్పటికీ తెలియదు.

రెండోది కరోనా కాలం. 2020 ఆగస్టులో ఇక్కడి పరిశోధనా సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు నగరంలోని శుద్ధి కేంద్రాల నీటిలో వైరస్ జాడలు కొలిచి, అంతకు ముందటి 35 రోజుల్లో సుమారు 6 లక్షల 60 వేలమందికి సోకి ఉండవచ్చని అంచనా వేశారు. పరీక్షల్లో తేలిన కేసులకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పో నదిలో జరిగిందే మూసీ ఒడ్డునా జరిగింది. అడిగితే రాని సంగతి నీటిలో బయటపడింది.

కాబట్టి మనకు గొట్టాలున్నాయి, నీళ్ళు పట్టే చేతులున్నాయి, కొలిచే యంత్రాలూ వాటిని నడిపే పిల్లలూ ఈ ఊళ్ళోనే ఉన్నారు. మత్తుపదార్థాల విషయంలో మనల్ని ఆపుతున్నవి వేరే కష్టాలు. అవి కూడా చెప్పకపోతే మీకు సగమే చెప్పినవాణ్ణవుతాను.

మొదటి కష్టం గంజాయి. తెలుగునాట పోలీసులు ఎక్కువగా పట్టేది అదే, నీటిలో పట్టుకోవడానికి మొండికేసేదీ అదే. గంజాయిలోని మత్తుపదార్థానికి కొవ్వంటే ఇష్టం. ఒంట్లో కొవ్వులో దాక్కుని రోజుల తరబడి కొద్దికొద్దిగా బయటికొస్తుంది. మూత్రంలోకి వచ్చే భాగం చాలా తక్కువ, అదీ మనిషి మనిషికీ మారుతుంది. డ్రైనేజీలోకి వచ్చాక మళ్ళీ మడ్డికీ గొట్టాల గోడలకీ అంటుకుంటుంది. కాబట్టి ఫలానా ఊళ్ళో రోజుకు ఇన్ని కిలోలు అని గంజాయి గురించి ఎవరైనా ధీమాగా చెబితే నేను నమ్మను. అదే చోట ఏడాది పొడుగునా కొలుస్తూ పోతే పెరుగుతోందా తగ్గుతోందా అన్నది మాత్రం తెలుస్తుంది. అది చాలు మనకు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసులు దాదాపు రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి తగలబెట్టారు. మన్యం ప్రాంతంలో పండి, బయటికి వెళ్ళే దారిలో పట్టుబడిన సరుకు. ఆ తర్వాత మన పట్టణాల్లో వాడకం తగ్గిందా? సరుకు ఖరీదై కుర్రాళ్ళు మాత్రలకు మళ్ళారా? తగలబెట్టినదాని తూకం మన దగ్గరుంది. దానివల్ల ఏం జరిగిందో చెప్పే తూకం లేదు.

రెండో కష్టం మురుగే లేకపోవడం. నవ్వులాటకు అనడం లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం మనదేశంలో పట్టణాలనుంచి రోజుకు 7,236 కోట్ల లీటర్ల మురుగునీరు వస్తే, శుద్ధి అవుతున్నది 2,023 కోట్ల లీటర్లే. మిగతాది సెప్టిక్ ట్యాంకుల్లోకీ కాలవల్లోకీ చెరువుల్లోకీ పోతోంది. తెలంగాణ పల్లెల్లో కల్తీ కల్లు సంగతి తీసుకోండి. తాటి కల్లు, ఈత కల్లు చాలనప్పుడు నీళ్ళలో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్ముతారు. 2015 సెప్టెంబరులో కల్తీమీద గట్టి దాడులు జరిగాయి. కల్లు అలవాటైనవాళ్ళు అది దొరక్క చేతులు వణుకుతూ, మూర్ఛలొస్తూ, పిచ్చిమాటలు మాట్లాడుతూ నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ ఆసుపత్రుల ముందు బారులు తీరారు. పొలం పనులు చేసి సాయంత్రం ఒక సీసా తాగే ముసలివాళ్ళు, ఆడవాళ్ళు కూడా. వాళ్ళకు తాము మత్తుమందుకు అలవాటుపడ్డామనే తెలియదు, కల్లు తాగుతున్నామనుకున్నారు. మీరు మత్తుమాత్రలు వాడతారా అని ఏ సర్వేవాడడిగినా లేదనే చెప్పేవాళ్ళు, నిజాయితీగానే. వాళ్ళ మూత్రం మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేది. కానీ ఆ ఊళ్ళలో డ్రైనేజీ ఎక్కడుంది? వరంగల్ లాంటి చోట్ల సెప్టిక్ ట్యాంకుల మడ్డిని లారీల్లో తెచ్చి శుద్ధిచేసే కేంద్రాలున్నాయి. ఆ లారీల్లోంచి పట్టి చూడవచ్చు. అయితే ట్యాంకులో ఉన్నది నెలల, ఏళ్ళ నాటి సరుకు. నిన్నటి సంగతి చెప్పదు, ఉందా లేదా అన్నది చెబుతుంది. నా మటుకు నాకు కల్తీ కల్లు విషయంలో అదైనా మేలే.

అల్ప్రాజోలం డాక్టర్లు రాసే మందు కూడా. మందుల షాపుల్లో చీటీమీద ఎంత అమ్ముడవుతోందో తెలిస్తేనే, నీటిలో దొరికినదాంట్లోంచి అది తీసేసి మిగిలిందేమిటో చూడగలం. హెరాయిన్ విషయంలోనూ అంతే. అది ఒంట్లో మార్ఫీన్ అవుతుంది, క్యాన్సరు రోగికి నొప్పి తగ్గడానికి ఇచ్చేదీ మార్ఫీనే. వానాకాలంలో వరద కలిస్తే అన్నీ పల్చబడతాయి, కాబట్టి నీటి ప్రవాహం కూడా సరిగ్గా కొలవాలి. ఇవన్నీ జాగ్రత్తగా చేస్తే దాటగలిగే కష్టాలే.

మూడోది అలా కాదు. ఈ అంకె ఎవరి చేతికి వెళ్ళాలి?

చైనాలో చోంగ్‌షాన్ నగర పోలీసులు మురుగునీటి పరీక్షల సాయంతో ఒక తయారీదారుణ్ణి పట్టుకున్నారని 2018లో నేచర్ పత్రికలో వచ్చింది. విషం వండేవాణ్ణి పట్టుకుంటే నాకూ సంతోషమే. ఆస్ట్రేలియాలో 2016నుంచి జాతీయ కార్యక్రమం నడుస్తోంది. దేశ జనాభాలో సగానికి పైగా మురుగు పరీక్షకు వస్తుంది. సిగరెట్లు, మద్యం కూడా కొలుస్తారు. నడిపేది నేర సమాచార సంస్థే అయినా, నివేదికల్లో ఏ శుద్ధి కేంద్రం పేరూ రాయరు, కోడ్ నంబరు వేస్తారు. ఫలానా పేట అని రాస్తే ఆ పేట పిల్లలకు ఉద్యోగాలివ్వరు, ఇళ్ళు అద్దెకివ్వరు. లక్షలమంది నీరు కలిసినచోట సీసా ముంచితే అది ఆరోగ్య పరీక్ష. అదే సీసా ఒక బస్తీ లైనులోనో, ఒక హాస్టల్ మ్యాన్‌హోల్‌లోనో ముంచితే గుమ్మడికాయ దొంగ అని కేకేసినట్టే. భుజాలు తడుముకునేది అందరూ.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన కాలేజీలో ఒక పిల్లవాడి పెట్టెలో గంజాయి పొట్లం దొరికింది. రెండో సంవత్సరం. లెక్కల్లో చురుకైనవాడు. మధ్యాహ్నంకల్లా మీటింగు పెట్టారు, సాయంత్రానికి టీసీ చేతిలో పెట్టారు. కాగితంమీద సంతకాలు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మర్నాడు వాళ్ళమ్మ ఊరినుంచి వచ్చింది. స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, "మాస్టారూ, వీణ్ణి ఎక్కడ చూపించాలో చెప్పండి బాబూ" అంది. చికిత్స ఎక్కడ దొరుకుతుందో మాలో ఒక్కరికీ తెలియదు. ఇరవైమంది చదువుకున్నవాళ్ళం, పిల్లవాణ్ణి పంపేయడం తెలిసింది గాని ఎక్కడికి పంపాలో తెలియలేదు. ఆవిడ కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

అందుకే నా కోరిక ఇది. నీటి లెక్క మొదలుపెట్టండి, దాన్ని మొదట జిల్లా వైద్యాధికారి బల్లమీద పెట్టండి. ఏ వైపు లైనులో ఏ మందు పెరుగుతోందో చూసి, ఆ వైపు ప్రభుత్వాసుపత్రిలో ఎన్ని పడకలు కావాలో, ఎందరు మానసిక వైద్యులు కావాలో నిర్ణయించండి. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ అదే నీరు పట్టి, మనం చేసింది పనిచేసిందా లేదా చూడండి. తయారీదారుల వేట పోలీసులు వాళ్ళ దారిన వాళ్ళు చేసుకుంటారు. హాస్టల్ గుమ్మంలో సీసా ముంచే పని మాత్రం ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి, పిల్లల మంచికే అన్నా సరే.

ఆ ఆదివారం మావాడు సీసాకు మూత బిగించి, ఐసు పెట్టెలో పెట్టేముందు చీటీ అంటించాడు. ఏం రాశావురా అని చూశాను. తేదీ, టైము, ఎన్ని కోట్ల లీటర్లు, నీటి వేడి ఎంత. అయిదు లక్షలమంది ఉన్న సీసామీద ఒక్క పేరూ లేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇందులో చిక్కుకుని ఉంటే ఆ సీసా మిమ్మల్ని వెతుక్కుంటూ రాదు. ఆ పేరు మీరే ఎవరికైనా చెప్పాలి. చెప్పుకోవడానికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు ఉంది. ఆనాడు ఆ తల్లికి నేను చెప్పలేకపోయాను, ఇవాళ మీకు చెబుతున్నాను. కాగితం, పెన్ను దగ్గరుంటే రాసుకోండి: 14446. ఇంకొకసారి నెమ్మదిగా చెబుతాను. ఒకటి, నాలుగు, నాలుగు, నాలుగు, ఆరు.